ఆ ఫోటోలో నేను లేను

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా అనుబంధంలో మద్యం, మత్తు మందుల వ్యసనం గురించి అర పేజీ కథనం వచ్చింది. అందులో రాసిన విషయాలతో నాకు పేచీ లేదు. పేచీ అంతా దానికి వేసిన ఫోటోతోనే. బస్టాండు ప్రహరీ పక్కన ఒక మనిషి ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. లుంగీ మోకాళ్ల పైకి జరిగింది, పక్కన ఖాళీ క్వార్టరు సీసా, కాస్త దూరంలో ఒంటి చెప్పు. వ్యసనం అన్న మాట వచ్చినప్పుడల్లా పత్రికల్లో ముప్పై ఏళ్లుగా నేను ఇదే ఫోటో చూస్తున్నాను. మనిషి మారతాడు, గోడ మారుతుంది, సీసా మీది లేబులు మారుతుంది, ఫోటో మాత్రం మారదు. నేను తాగే రోజుల్లో అటువంటి ఫోటో కనబడితే పేపరు మడిచి పక్కన పెట్టి, ‘మన సంగతి ఇంత దూరం రాలేదులే’ అనుకుని తృప్తిగా స్నానానికి వెళ్లేవాణ్ణి. ఆ తృప్తి నా చేత ఇంకో పదేళ్లు తాగించింది.

నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో 1986లో చేరి, 36 ఏళ్లు పనిచేసి, నెల్లూరులో స్థిరపడిన రిటైర్డు అధికారిని. ఆ 36 ఏళ్లలో 19 ఏళ్లు తాగాను. చివరి ఎనిమిదేళ్లలో తాగకుండా గడిచిన రోజు లేదు. చిత్రమేమిటంటే ఆ ఎనిమిదేళ్లలోనే నాకు రెండు ప్రమోషన్లు వచ్చాయి, డిపాజిట్ల సేకరణలో రెండుసార్లు షీల్డు వచ్చింది. నా మీద ఒక్క చార్జిషీటు లేదు, బ్రాంచికి ఆలస్యంగా వెళ్లిన దాఖలా ఒక్కటి లేదు. పిల్లల్ని నా ముందుకు తీసుకొచ్చి ‘సార్‌ను చూసి నేర్చుకోండి’ అన్న తల్లిదండ్రులు మా వీధిలోనే ఉన్నారు. గొప్ప కోసం ఇదంతా చెప్పడం లేదు. మీ ఫోటోలో పట్టని రోగి పైకి ఎట్లా కనిపిస్తాడో చెప్పడానికి నా దగ్గర నాకంటే బాగా తెలిసిన ఉదాహరణ మరొకటి లేదు.

మన జిల్లా వాళ్లకు మద్యం గురించి చెప్పడమంటే కొబ్బరికాయల అంగడి ముందు కొబ్బరికాయలు అమ్మడమే. 1992లో దూబగుంట రోశమ్మ వంటి స్త్రీలు సారా అంగళ్లను మూయించినప్పుడు నేను కలిగిరి ప్రాంతంలోనే ఒక పల్లెటూరి బ్రాంచిలో ఫీల్డాఫీసరుగా ఉన్నాను. అక్షరదీపం రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు పగలు గుంపుగా వెళ్లి సారా ప్యాకెట్లను రోడ్డు మీద పోసి తగలబెట్టడం నా కళ్లతో చూశాను. అప్పు ఇచ్చిన గేదెల తనిఖీకి మోటారు సైకిలు మీద వెళుతూ ఆగి, వాళ్లను మెచ్చుకుని, ఆ సాయంత్రమే కావలిలో ఒక లాడ్జి గదిలో స్నేహితులతో కూర్చుని బ్రాందీ తాగుతూ ఆ ఉద్యమం గురించి గంటన్నర ఉపన్యాసం ఇచ్చాను. నా దృష్టిలో సారా వేరు, బ్రాందీ వేరు; సారా తాగేవాడు తాగుబోతు, బ్రాందీ తాగేవాడు అలసిపోయిన ఉద్యోగి. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చినప్పుడు ఆ నిషేధం కూడా ఇదే గీత గీసింది. లైసెన్సు షాపులో అమ్మే సీసా జోలికి పోలేదు. 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం వచ్చాక మాత్రం నా బోటివాళ్లకు ఇబ్బంది కలిగింది. అయినా చెన్నై వెళ్లొచ్చే వాళ్ల సూట్‌కేసుల్లో తడ దాటి ఏమేమి వచ్చేవో, ఎవరి ఇళ్లకు చేరేవో, అప్పటి అధికారులకు, వ్యాపారులకు, లాయర్లకు నేను వేరే చెప్పనక్కర లేదు. 1997లో ఆ నిషేధమూ సడలిపోయింది. సారా గురించి ఉద్యమం చేసిన జిల్లాలో బ్రాందీ గురించి ఒక్క మాట మాట్లాడని సమాజం ఇప్పటికీ అట్లాగే ఉన్నదని నా అభిప్రాయం.

తాగుడికి ఉద్యోగాన్ని సాకుగా చూపడం నాకు ఇష్టం లేదు, కానీ ఉద్యోగానికి దీనితో సంబంధమే లేదనడం అంతకంటే పెద్ద అబద్ధం. 1990ల మొదట్లో మన తీరమంతా రొయ్యల గుంటలు తవ్వారు. టైగరు రొయ్య ధర చూసి వరి పొలాలను ఉప్పునీటితో నింపినవాళ్లున్నారు. మాకు పై ఆఫీసు నుంచి వచ్చిన ఆదేశం ‘ఇవ్వండి, ఇంకా ఇవ్వండి’ అన్నదే. 1994, 95ల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చి రాత్రికి రాత్రి గుంటలకు గుంటలు తేలిపోయాయి. గట్ల మీద కొట్టుకొచ్చిన రొయ్యల వాసన ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు కలలో వస్తుంది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువుల మీద తీర్పు చెప్పేనాటికి మా దగ్గర మిగిలింది మొండి బాకీల జాబితా. అప్పు ఇచ్చినప్పుడు షీల్డు ఇచ్చిన ఆఫీసే, అది వసూలు కానప్పుడు సంజాయిషీ అడిగింది. పగలు రైతు గుమ్మంలో నిలబడి బాకీ అడగాలి, వాడి భార్య మంచినీళ్లు తెచ్చి ఇస్తే తాగాలి, రాత్రి రికవరీ స్టేట్‌మెంటు రాయాలి. ఆ నీళ్లు గొంతు దిగని రోజుల్లో ఇంకొకటి దిగింది. నేను రెండు పెగ్గుల మనిషి నుంచి అర సీసా మనిషిగా మారింది సరిగ్గా ఆ రెండు మూడేళ్లలోనే.

పైగా సంస్థ కూడా చేయూతనిచ్చేది. కంప్యూటర్లు రాకముందు మార్చి 31 రాత్రి లెక్కలు టాలీ అయ్యేదాకా బ్రాంచి కదిలేది కాదు. తెల్లవారుజామున రెండింటికి పుస్తకాలు మూసి, బిర్యానీ పొట్లాలు విప్పి, సీసాలు తీసేవాళ్లం. ఆ ఖర్చు ఏదో ఒక పద్దు కింద సర్దుకునేది. మూడేళ్లకోసారి బదిలీ, పిల్లల చదువు కోసం కుటుంబం నెల్లూరులో, నేను మెస్సు భోజనంతో ఇంకో ఊళ్లో. గదిలో మాట్లాడే మనిషి లేని సాయంత్రాలు సెలవు రోజుల్లో మధ్యాహ్నాలుగా, తర్వాత ఉదయాలుగా పాకిపోతాయి. తాగితే నిద్ర పడుతుందనుకోవడం సగం నిజం. త్వరగా పడుతుంది, కానీ మత్తు దిగగానే చెదిరిపోతుంది. తెల్లవారుజామున మూడింటికి గుండె దడతో మెలకువ రావడం, ఫ్యాను వైపు చూస్తూ ఆనాటి రివ్యూ మీటింగు గురించి ఆలోచించడం, ఆ దడను అణచడానికి మరునాడు ఇంకాస్త తాగడం - ఒత్తిడి వల్ల తాగుతున్నానని నేను అనుకునేవాణ్ణి గాని, ఆ ఒత్తిడిలో సగం తాగుడే పుట్టిస్తున్నదని చాలా కాలం గ్రహించలేదు.

ఇక తాళం చెవి సంగతి. బ్యాంకు స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలుంటాయని, రెండు చెవులూ ఒకే మనిషి చేతిలో ఎన్నడూ ఉండకూడదని, జాయింట్ కస్టోడియన్లు ఇద్దరూ నిలబడి ఎవరి తాళం వాళ్లే తీయాలని పాఠకులకు తెలిసే ఉంటుంది. బ్యాంకింగులో మాకు నేర్పే మొదటి నియమాల్లో అది ఒకటి. 2004 మే నెలలో ఒక ఉదయం నా చేతిలోని తాళం చెవి రంధ్రంలోకి వెళ్లలేదు. చెవి కొస రంధ్రం చుట్టూ ఇనుము మీద టకటకా కొట్టుకుంటోంది. రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాను, అప్పుడూ వెళ్లలేదు. నా పక్కన నిలబడిన హెడ్ క్యాషియరు, వయసులో నాకంటే బాగా పెద్దాయన, నా ముఖం వైపు చూడకుండా, “ఏసీ చల్లదనం ఎక్కువైంది సార్, ఇట్లా ఇవ్వండి” అని చెవి తీసుకుని తిప్పారు. బయట నెల్లూరు ఎండ నలభై రెండు డిగ్రీలు. ఆనాటి నుంచి ఆయన రిటైరయ్యేదాకా రెండేళ్లపాటు ప్రతి ఉదయం రెండు తాళాలూ ఆయనే తీశారు. కస్టమర్లు నా చేతుల వంక చూస్తే, “సార్‌కు షుగరు డౌనైంది, టీ చెప్పండ్రా” అని కేక వేసేవారు. నా మీద ఆయనకు ఉన్న దయను నేను శంకించను. ఆయన ఇప్పుడు లేరు కూడా. కానీ నా కోసం బ్యాంకు ప్రాణసమానమైన నియమాన్ని రోజూ తప్పిన ఆ మనిషి, ఒక్కసారి తలుపు వేసి “సార్, మీరు డాక్టరు దగ్గరకు పోవాలి” అని ఉంటే ఏమయ్యేదా అని ఇప్పటికీ అనుకుంటాను. మొహమాటం మన జిల్లా మర్యాదల్లో ముఖ్యమైనది గదా.

నాకు తెలియదా అంటే తెలుసు. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని మండలం రోజులు చుక్క ముట్టేవాణ్ణి కాదు. ‘నలభై ఒక్క రోజులు మానగలిగినవాడు వ్యసనపరుడు ఎట్లా అవుతాడు?’ అని మా ఆవిడను నేనే ఎదురు ప్రశ్న వేసేవాణ్ణి. శబరిమల నుంచి తిరిగి వచ్చి మాల తీసిన రోజు సాయంత్రం ఏం జరిగేదో ఆమెకు తెలుసు గనుక ఆమె జవాబు చెప్పేది కాదు. 2001లో మాల వేసుకున్న మూడో రోజుకు చేతులు వణికి, చెమటలు పట్టి, నిద్ర లేక, ‘ఇన్‌స్పెక్షన్ ఉంది, ఈసారి నియమం నిలబెట్టలేను’ అని గురుస్వామికి చెప్పి మాల తీసేశాను. ఆ తర్వాత మళ్లీ వేసుకోలేదు. ఏటా వేసే మాల హఠాత్తుగా మానేసిన పెద్దమనిషి మీ ఇంట్లో ఉంటే, అది భక్తి తగ్గిపోవడం వల్లనే అనుకోకండి.

2009లో నాకు హెర్నియా ఆపరేషను జరిగింది. ఊళ్లో పేరున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి. పేరు అప్రస్తుతం, తప్పు కూడా నాదే. చేర్చుకునేటప్పుడు కాగితం పట్టుకుని “మందు అలవాటుందా?” అని అడిగిన కుర్ర డాక్టరుకు, “ఎప్పుడన్నా, ఫంక్షన్లలో” అని చెప్పాను. నా చొక్కా, నా హోదా చూసి ఆ అబ్బాయి రెండో ప్రశ్న వేయలేదు. ఆపరేషను చక్కగా అయింది. మూడో రాత్రి నేను మంచం మీద కూర్చుని గాలిలో నోట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టానట. బొటనవేలు నాలుకకు తడుపుకుని, వందేసి నోట్లు లెక్కించి, కట్ట కట్టి, లేని స్టాంపు వేసి, పక్కకు పెట్టి, మళ్లీ లెక్క. నర్సు వచ్చి పడుకోమంటే, “క్యాష్ టాలీ కాలేదమ్మా, ఎట్లా పడుకునేది?” అన్నానట. గోడ మీద రొయ్యలు పాకుతున్నాయని చూపించానట. ఇవేవీ నాకు గుర్తు లేవు. గుర్తున్నది మా ఆవిడ చెప్పినంతే. మత్తుమందు ఇచ్చిన ప్రభావమని కొందరు, మెదడులో రక్తం గడ్డ కట్టిందేమోనని కొందరు అనుకుంటున్నప్పుడు ఆమె డ్యూటీ డాక్టరును వరండాలోకి పిలిచి, పందొమ్మిదేళ్లలో మొదటిసారి బయటి మనిషితో, “అయ్యా, ఆయన రోజూ తాగుతారు, పొద్దున్నే కూడా తాగుతారు” అని చెప్పింది. ఆ ఒక్క వాక్యం వల్ల నేను బతికాను.

దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారని తర్వాత తెలిసింది. ఏళ్ల తరబడి రోజూ మత్తు పడే మెదడు దానికి ఎదురు నిలవడానికి తనను తాను ఎప్పుడూ రెచ్చగొట్టుకుని ఉంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగితే ఆ రెచ్చిపోవడం ఒక్కటే మిగులుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్సు రావచ్చు, సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఈ సంధి ప్రేలాపన మొదలవుతుంది, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మందు మానలేక చచ్చేవాళ్ల గురించి అందరికీ తెలుసు. మందు హఠాత్తుగా మాన్పించడం వల్ల చచ్చేవాళ్లుంటారని మన ఇళ్లల్లో తెలియదు. అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాను. రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేయకండి. అతనికి తెలియకుండా సాంబారులో పొడులు, మాత్రలు కలిపి పెట్టకండి. అటువంటి మందుల్లో డైసల్ఫిరామ్ అనేది ఒకటి ఉంటుంది. అది లోపల ఉండగా మద్యం తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రోగికి చెప్పి, ఒప్పించి, డాక్టరు పర్యవేక్షణలో ఇవ్వవలసిన మందు అది. అట్లాగే నిద్రమాత్రలకు అలవాటు పడినవారు కూడా ఒక్కరోజులో మానకూడదు. డాక్టరు చెప్పినట్లు మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

ఆ తర్వాత నెల రోజులు చెన్నైలో చికిత్స తీసుకున్నాను. ఆఫీసుకు పంపిన సెలవు చీటీలో ‘జీర్ణకోశ వ్యాధి’ అని ఉంది. నా వార్డులో ఇద్దరు డాక్టర్లు, ఒక ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరరు, ఒక చార్టర్డ్ అకౌంటెంటు, లారీ డ్రైవరు ఒకరు ఉన్నారు. తన కష్టం గురించి సూటిగా మాట్లాడింది డ్రైవరు ఒక్కడే, మేమంతా మొదటి వారం మా హోదాలే చెప్పుకున్నాం. మద్యానికి భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో ఆయన పేరు మీదే చెన్నైలో వ్యసన చికిత్సా సంస్థను స్థాపించారు. అది పెద్ద పారిశ్రామిక కుటుంబం. ప్రపంచమంతటా ఇవాళ వ్యసనపరులు ఒకరికొకరు తోడుగా నడుపుకునే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఇద్దరి మధ్య మొదలైంది. ఒకాయన షేర్ల వ్యాపారంలో పనిచేసినవాడు, రెండో ఆయన సర్జన్. ఆపరేషన్ థియేటరులోకి రబ్బరు చేతితొడుగులు తెచ్చిన విలియం హాల్‌స్టెడ్ జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో గొప్ప సర్జనుగా పేరు తెచ్చుకుంటూనే మార్ఫీన్‌కు బానిసగా బతికాడు. ఈ చరిత్రలో ఎక్కడా గోడ పక్కన ఒంటి చెప్పు లేదు.

కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ ద్వారా జరిపించి 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవారు దాదాపు 16 కోట్లు, వారిలో సాయం అవసరమైన స్థితికి చేరినవారు 5 కోట్ల 70 లక్షలు. మద్యానికి పూర్తిగా బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని అదే సర్వే చెప్పింది. తక్కిన 37 మందీ బస్టాండ్ల దగ్గర లేరు. చాలామంది మరునాడు ఉదయం తొమ్మిదిన్నరకు తల దువ్వుకుని, నోట్లో రెండు ఏలకులు వేసుకుని, ఎక్కడో ఒక కుర్చీలో కూర్చుంటున్నారు.

ఇప్పటి పిల్లల పరిస్థితి మాకంటే గడ్డుగా ఉంది. కరోనా కాలంలో ఇళ్లకు వచ్చిన సాఫ్ట్‌వేరు ఉద్యోగులు కొందరు ఇప్పటికీ ఇక్కడి నుంచే పనిచేస్తున్నారు. మా అపార్టుమెంటులోనే ఒక అబ్బాయి సాయంత్రం ఆరున్నరకు లాప్‌టాప్ తెరిస్తే తెల్లవారుజామున మూడింటికి మూస్తాడు, అమెరికా టైము. మెలకువగా ఉండడానికి ఎనర్జీ డ్రింకులు, పడుకోవడానికి మాత్ర. అతనికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. ‘ఏ అలవాటూ లేదు’ అని వాళ్లమ్మ చెబుతోంది, ఆమె దృష్టిలో అది అబద్ధం కాదు, ఎందుకంటే మాత్ర మందుల షాపులో కొన్నది. నేను రోజూ సాయంత్రం పొగతోటలో ఒక మందుల షాపు ముందు స్నేహితుడి కోసం ఆగుతాను. చక్కగా టక్ చేసుకున్న ఒకాయన బండి దిగకుండానే షాపతనికి వేలు చూపిస్తే, షాపతను ఏమీ అడగకుండా నిద్రకు, ఆందోళనకు వాడే ఆల్‌ప్రజోలం మాత్రల స్ట్రిప్పు ఒకటి కవరులో వేసి ఇవ్వడం నేను ఒకసారి కాదు, పలుసార్లు చూశాను. ఆ మాత్ర మందుల నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలో ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ఔషధ నియంత్రణ అధికారులు గంజాయి మూటల కోసం జాతీయ రహదారి మీద వెతికే పోలీసులంత కష్టపడనవసరం లేదు; ఒక సాయంత్రం పొగతోటలో నిలబడితే చాలు.

వారానికి 55 గంటలు, అంతకు పైబడి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. మన రాష్ట్రంలో 2025లో రోజువారీ పనివేళల పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచడానికి ప్రభుత్వం నిర్ణయించింది. ఫ్యాక్టరీ కార్మికుడికి కనీసం గంట కొట్టే వేళ ఒకటి ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో రాత్రి పదిన్నరకు ‘ఈరోజు ఎన్ని ఖాతాలు తెరిచారు?’ అని అడిగే అధికారికి, దానికి జవాబు చెప్పవలసిన మేనేజరుకు ఆ గంట కూడా లేదు. నా తర్వాత నా కుర్చీలో కూర్చున్న వాళ్లు ఫోనులో చెప్పుకునేది ఇదే.

సంస్థలు చేయగలిగిన పని ఒకటి చెబుతాను. ఏటా అధికారులకు చేయించే వైద్య పరీక్షలో షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, ఈసీజీ అన్నీ ఉంటాయి. లివరు రిపోర్టు చూసి ‘ఫ్యాటీ లివర్, నూనె తగ్గించండి’ అంటారు. నాకు నాలుగేళ్లు వరుసగా అదే చెప్పారు, మా ఆవిడ పాపం నూనె తగ్గిస్తూనే పోయింది. ఎంత తాగుతావని అడిగినవాడు లేడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ‘ఆడిట్’ అనే పది ప్రశ్నల పత్రం ఉంది. ఐదు నిమిషాల పని. ఉదయం లేవగానే తాగవలసి వస్తున్నదా అనే ప్రశ్న అందులో ఉంది. ఆ పేరు గల పత్రాన్ని బ్యాంకు వాళ్లు ఇన్నేళ్లు వాడకపోవడం నాకు వింతగా ఉంటుంది. అయితే ఆ కాగితం డాక్టరు దగ్గరే ఉండాలి, పర్సనల్ డిపార్టుమెంటుకు పోకూడదు. పోతుందని అనుమానం కలిగిన మరుక్షణం అందరూ నాలాగే ‘ఎప్పుడన్నా, ఫంక్షన్లలో’ అని రాస్తారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు మందుల వల్ల కలిగే మానసిక స్థితులను మానసిక అనారోగ్యంగానే గుర్తించింది, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలన్నది, శరీర వ్యాధులకు ఇచ్చినట్లే మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలన్నది. కానీ మీ ఇంట్లో ఉన్న ఆరోగ్య బీమా పాలసీ తీసి మినహాయింపుల పేజీ చూడండి. మద్యపానం, మత్తు పదార్థాల వ్యసనానికి చేసే చికిత్స వర్తించదనే వాక్యం చాలా పాలసీల్లో పన్నెండో మినహాయింపుగా ముద్రించి ఉంటుంది. చట్టం ఒక చేత్తో ఇచ్చింది, పాలసీ రెండో చేత్తో తీసుకున్నది. అందువల్లనే ‘జీర్ణకోశ వ్యాధి’ అన్న చీటీలు రాస్తున్నాం, రాయిస్తున్నాం. దీని మీద మీ పత్రిక ఒక కథనం రాస్తే నా ఉత్తరం వేయకపోయినా బాధపడను.

గంజాయి, ఇతర మత్తు మందుల విషయంలో భయం ఇంకో రకంగా ఉంటుంది. ఆసుపత్రికి వెళితే పోలీసులు పట్టుకుంటారని. కొద్ది పరిమాణంతో పట్టుబడినవారు, వాడకందారులు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వస్తే విచారణ నుంచి మినహాయింపు పొందే అవకాశం మత్తు మందుల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షనులో ఉంది, అమ్మకందారుకు కాదు. గంజాయి అమ్మకాల సమాచారం ఇవ్వడానికి మత్తు మందులను అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వారి 1972 నంబరుకు ఫోను చేయాలని ఊరంతా బోర్డులు ఉన్నాయి, మంచిదే. కానీ ఇంట్లో వ్యసనపరుడున్న తల్లి ఆ బోర్డు చూసి పోలీసు నంబరుకు ఫోను చేయదు. ఆమెకు కావలసినవి వేరు: వ్యసన విముక్తి కోసం 14446, మానసిక సమస్యలకు టెలిమానస్ 14416. రెండూ ఉచితం. నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ ఆసుపత్రిలో, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాలున్నాయి. చెన్నై దాకా పోనవసరం లేదు. మన ఊళ్లో చూపించుకుంటే తెలిసిపోతుందని మేము చెన్నై పోయాం. పినాకిని రైలు ఎక్కితే అక్కడా మన ఊరివాళ్లే కనిపించారు, వాళ్లూ మాలాగే కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఈ ఉత్తరం కింద నా పేరు వేయవద్దని కోరుతున్నాను. ఇంత చెప్పి పేరు దాచుకోవడం ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకు అభ్యంతరం లేదు. వచ్చే ఫిబ్రవరిలో మా అమ్మాయి పెళ్లి ఉంది, అవతలివాళ్లకు నేను స్వయంగా కూర్చుని చెప్పాలి, పేపరులో చూసి తెలుసుకోవడం భావ్యం కాదు. చోటు చాలకపోతే నా బ్యాంకు కథలు, రొయ్యల కథలు తీసేయండి. రోజూ తాగే మనిషికి తాళం వేయవద్దన్న పేరా, పైనున్న 14446, 14416 నంబర్లు మాత్రం ఉంచండి. ఫోటో ఏదన్నా వేయవలసి వస్తే స్ట్రాంగ్ రూము తలుపు వేయండి, తాళం చెవి రంధ్రం చుట్టూ గీతలు కనబడేలాగా.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత బ్యాంకు అధికారి,
నెల్లూరు.